పొరుగువారి షుగర్ కోసం సైకిల్ యజ్ఞం

వ్యాధులను నయం చేసేది వైద్యులని ఇంకా నమ్మే అమాయకులు మన మధ్య మిగిలి ఉండడం విచారకరం. పాఠక మహాశయులారా! ఇంత చదివి, ఇన్ని సముద్రాలు దాటి వచ్చాక మనం గ్రహించవలసిన సత్యం ఒక్కటే. వ్యాధులను నయం చేసేవి సైకిళ్లు!

నమ్మకం కుదరడం లేదా? అయితే ఈ అమెరికాలో మంచు కరిగిన మర్నాడు మీ ఈమెయిల్ తెరిచి చూడండి. ఒకరి గుండె కోసం మరొకరు నడుస్తుంటారు. ఒకరి ఊపిరితిత్తుల కోసం మరొకరు ఊపిరాడకుండా పరుగెత్తుతుంటారు. మూత్రపిండాల కోసం గోల్ఫ్ ఆడేవారున్నారు. మోకాళ్ల కోసం భాంగ్రా చేసి మోకాళ్లు పోగొట్టుకున్నవారున్నారు. ఎవరికో చెవుడు తగ్గాలని, వినబడేవారికి కూడా చెవులు పగిలేలా డీజే పెట్టించిన పుణ్యాత్ములున్నారు!

రోగి మాత్రం నిశ్చింతగా ఇంట్లో పడుకుని ఉంటాడు. ఇంతకు మించిన నాగరికత ఎక్కడైనా ఉందా? మన పూర్వులు రోగం వస్తే రోగి చేతనే లంఖణాలు చేయించేవారు. ఎంతటి కాఠిన్యం!

రోగుల పేరిట చందాలు పోగుచేసే ఈ ధర్మ సైకిల్ యాత్రలను ఒక బెడదగా భావించే సంకుచితులు కొందరున్నారు. ఆదివారం పొద్దున్నే రోడ్లు మూసేస్తున్నారని, స్పాన్సర్ చేయమంటూ వాట్సాప్‌లో వెంటపడుతున్నారని వారి గోడు. కందకు లేని దురద కత్తిపీటకు ఎందుకని సామెత కూడా చెబుతారు. దురద ఎప్పుడూ కత్తిపీటకే ఉండాలండీ! కందకే ఉన్నదని నలుగురికీ తెలిస్తే, ఇక కంద పరువేం కావాలి?

ఈ సూక్ష్మం ఎరిగిన మహనీయులు పార్సిప్పనీ వాస్తవ్యులు శ్రీ ఆదిశేషు గారు.

ఆదిశేషు గారు ఉద్యోగకాలమంతా న్యూజెర్సీలో వంతెనలు కట్టించి రిటైరైన ఇంజనీరు. అయితే ఆయన కీర్తి వంతెనల మీద నిలబడినది కాదు. అరవై ఎనిమిదేళ్లు నిండినా ఆయనకు షుగర్ లేదు! ఆ ఒక్క విశేషం మీద ఆయన ప్రతిష్ఠ, ఏ స్తంభమూ లేకుండా, నిలిచి ఉంది.

మన సమాజంలో ఆ వయసుకు షుగర్ లేకపోవడం ఎంతటి బిరుదో మీకు వేరే చెప్పాలా? ఏ ఇంట్లో విందు జరిగినా ఆయన గులాబ్ జామూన్ పళ్లెం పక్కనే నిలబడేవారు, తినడానికి కాదు, తినేవారిని చూసి తల అడ్డంగా ఊపడానికి. "డిసిప్లిన్ అండీ, డిసిప్లిన్!" అనేవారు. అలా ఆయన ఊపిన తలకు సిగ్గుపడి సగం కొరికిన జామూన్లను పేపర్ న్యాప్‌కిన్‌లో దాచినవారెందరో! తెలుగు సంఘం వారు ఏటా ఆయన చేత 'చక్కెర లేని జీవితం' అన్న అంశం మీద స్లయిడ్లతో సహా ఉపన్యాసం ఇప్పించేవారు.

ఇందులో చిన్న చిక్కు ఒకటుంది. ఆయనకు షుగర్ ఉంది.

చాలా ఏళ్లుగా ఉంది. ఈ సంగతి భూప్రపంచంలో ఇద్దరికే తెలుసు. ఒకరు ఆయన డాక్టరు. తెలుగువారెవరూ వెయిటింగ్ రూమ్‌లో తారసపడకుండా, మూడు కౌంటీల అవతల వెతికి పట్టుకున్న పోలిష్ డాక్టరు. రెండవవారు ధర్మపత్ని మీనాక్షి గారు. మాత్రలు చేపనూనె సీసాలో ఉండేవి. శాకాహారి ఇంట్లో చేపనూనె ఎందుకని ఎవరైనా అడుగుతారేమోనని మీనాక్షి గారు భయపడేవారు. గుండెకు మంచిదని డాక్టరు చెప్పాడందామని ఆదిశేషు గారు జవాబు సిద్ధం చేసి ఉంచారు. షుగర్ ఉందనిపించుకోవడం కంటే చేపలు తింటారనిపించుకోవడం నయమని ఆయన అభిప్రాయం.

అటువంటి సమయంలో సంఘం అధ్యక్షుడు మనోహర్ ఫోన్ చేశాడు.

"సార్, జూన్‌లో డయాబెటిస్ చారిటీ రైడ్ ఉంది. మన తెలుగు టీమ్‌కి మీరే ఫేస్!"

"నా వయసెంతో తెలుసా మనోహర్? సైకిల్ ఎక్కి ఎన్నాళ్లయిందో!"

"అందుకే కద సార్! షుగర్ లేనోడు షుగర్ కోసం తొక్కుతుంటే ఆ ఇంపాక్టే వేరు. మనలో మీరు తప్ప ఇంకెవరున్నారు చెప్పండి? ఫినిష్ లైన్ దగ్గర స్టేజ్ మీద సన్మానం. శాలువా హైదరాబాద్ నుంచి తెప్పిస్తున్నా."

వంతెన కూలుతుందేమోనన్న భయాన్ని జయించిన ఇంజనీర్లు ఉన్నారు గాని, శాలువాను జయించిన తెలుగువాడు ఇంతవరకు పుట్టలేదు. ఆదిశేషు గారు సరేనన్నారు.

"రోగమూ మీదే, రైడూ మీదేనా?" అన్నారు వంటింట్లోంచి మీనాక్షి గారు. "ఎవరైనా ఏదో ఒకటి చేస్తారు గాని, రెండూ ఒక్కరే చేస్తారా?"

"మెల్లగా మాట్లాడవే!" అన్నారు ఆదిశేషు గారు. ఇంట్లో ఉన్నది వాళ్లిద్దరే.

సన్నాహాలు మొదలయ్యాయి. బరువు తక్కువ, బ్రేకులు ఎక్కువ ఉన్న సైకిలొకటి వచ్చింది. కూర్చునే చోట మెత్త కుట్టిన బిగుతు నిక్కరొకటి వచ్చింది. దానిని తొడుక్కుని ఆదిశేషు గారు హాల్లోకి రాగానే మీనాక్షి గారు కిటికీ పరదా లాగేశారు.

"ఇది వేసుకుని మెయిల్ బాక్స్ దాకా కూడా వెళ్లకండి. ఎదురింటివాళ్లు ఇల్లమ్ముకుని పోతారు."

టీమ్ టీషర్టు ఫోటో కూడా వాట్సాప్‌లో వచ్చింది. దాని వీపు మీద రియల్టర్లు, ఇమ్మిగ్రేషన్ లాయర్లు, బిర్యానీ హోటళ్లు కిక్కిరిసి ఉండగా, అందరికంటే పైన, పెద్ద అక్షరాలతో ప్లాటినం స్పాన్సర్ పేరు మెరుస్తోంది. అది ఐసెలిన్‌లోని ఒక మిఠాయి దుకాణం. ఇందులో తప్పు పట్టవలసినదేముంది? వ్యాధికి మూలపురుషులు కూడా చికిత్సకు చేయూతనివ్వడమే కదా ఉదారత!

ఇక్కడ మన జాతి వైద్యశాస్త్రానికి చేసిన మహోపకారం ఒకదానిని ప్రస్తావించక తప్పదు. దానిని 'అదనపు మాత్ర సిద్ధాంతం' అందాం. స్వీటు తిన్న తర్వాత ఒక మాత్ర ఎక్కువ మింగితే ఆ స్వీటు తిననట్టే లెక్క! ఏ విశ్వవిద్యాలయంలోనూ బోధించని ఈ సిద్ధాంతం మన ప్రతి పెళ్లి పంక్తిలోనూ ఆచరణలో ఉంది. ఆదిశేషు గారు దీనిని ఇంకొక మెట్టు ఎక్కించారు. స్వీటుకు ముందే మాత్ర. విమానం టికెట్టు లాగా అడ్వాన్స్ బుకింగ్ అన్నమాట.

రైడ్ మధ్యలో మన టీమ్ విశ్రాంతి కోసం ఒక టెంటు వేస్తున్నట్టు, అక్కడ మనోహర్ భార్య రాధారాణి గారు స్వయంగా చేసిన లడ్లు, కాజాలు ఉండబోతున్నట్టు వాట్సాప్‌లో ప్రకటన వెలువడింది. రాధారాణి గారి కాజా తిని ఆదిశేషు గారికి ఎన్నో ఏళ్లయింది. అలసిపోయిన రైడరు ఒక కాజా నోట్లో వేసుకుంటే ఎవరేమంటారు? అది సేవ కిందికే వస్తుంది. అందుకని రైడ్ రోజు పొద్దున్న ఆయన చేపనూనె సీసాలోంచి రోజూ వేసుకునే మాత్రతో పాటు మరొకటి కూడా తీసి వేసుకున్నారు.

పార్కులో రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర కూర్చున్నది మైత్రి. మనోహర్ రాధారాణిల కూతురు. ఇక్కడే పుట్టి పెరిగి, ఇప్పుడు ఒక క్లినిక్‌లో నర్సుగా చేస్తోంది. అందరూ తెల్ల టీషర్టుల్లో ఉంటే ఆమె మాత్రం నారింజ రంగు చొక్కాలో ఉంది. పక్కన అట్టపెట్టె నిండా అవే చొక్కాలు.

"హాయ్ అంకుల్! మీకు డయాబెటిస్ ఉంటే ఆరెంజ్ షర్ట్, లేకపోతే వైట్. ఆరెంజ్ వాళ్లు వెళ్తుంటే రోడ్ మీద అందరూ చీర్ చేస్తారు. ఇట్స్ సో నైస్!"

"నాకెందుకమ్మా అది?" అన్నారు ఆదిశేషు గారు, కాస్త పెద్ద గొంతుతో.

"ఓకే, వైట్. మన టీమ్‌లో ఎవరూ తీసుకోలేదు అంకుల్, ఒక్కరు కూడా. తెలుగు వాళ్లకి డయాబెటిస్ రాదా?" అని ఆ పిల్ల నవ్వింది.

ఆమె మోచేతికి పైన, నాణెమంత తెల్లటి బిళ్ల ఒకటి అతికించి ఉంది. ఒంట్లో చక్కెరను కనిపెట్టే యంత్రం. అదేమిటో ఆదిశేషు గారికి తెలుసు. తెలిసినట్టు కనిపించకూడదని కూడా తెలుసు.

అంతలో రాధారాణి గారు పరుగున వచ్చారు. "వాలంటీర్లందరికీ ఆ రంగే ఇచ్చారు అన్నయ్యగారూ! చేతికి అదేదో కొత్త ఫిట్‌నెస్ గాడ్జెట్ అట. ఈ కాలం పిల్లలు!"

మైత్రి నవ్వు ఆగిపోయింది. తెల్లచొక్కా ఒకటి తీసి ఆదిశేషు గారి చేతిలో పెట్టింది. పెళ్లీడు పిల్ల అని, సంబంధాలు చూస్తున్నారని ఆయనకు తెలుసు. సంబంధాలు చూసే తల్లి ఏ రంగుకు ఏ కారణం చెబుతుందో ఆయనకు కాక ఎవరికి తెలుస్తుంది? చేపనూనె సీసా గుర్తొచ్చింది. చూపు తిప్పుకున్నారు.

మిగిలిన టీమ్‌లన్నీ ఎండ రాకముందే బయలుదేరి వెళ్లిపోయాయి. పాపం, వాళ్లకు ముఖ్య అతిథులు లేరు! మనకున్నారు. వారు రావలసి ఉంది. వచ్చారు. పార్కులో మంట వెలిగించరాదన్న నిబంధన ఉన్నందున, బ్యాటరీ ప్రమిదకు స్విచ్చి నొక్కి జ్యోతి ప్రజ్వలన చేశారు. ప్రార్థనాగీతం జరిగింది. ముఖ్య అతిథి 'రెండే రెండు మాటలు' మాట్లాడారు. అవి పూర్తయ్యేసరికి, ముందు వెళ్లిన టీమ్‌లలో చురుకైనవారు తిరిగి వస్తూ మనకు చేయి ఊపారు.

తర్వాత మైకు ఆదిశేషు గారి చేతికి వచ్చింది. మైకు దొరికిన తెలుగువాడు తన కడుపును తానే మరిచిపోతాడు. నిజానికి ఆయన ఉద్దేశం నాలుగు ముక్కలు చెప్పి, ఇడ్లీ తిని బయలుదేరడమే. కాని ఎదురుగా అంతమంది శ్రోతలు!

"మిత్రులారా! ఖాళీ కడుపే మన ఇంధనం! నేను మధ్యాహ్నం దాకా పచ్చి మంచినీళ్లు తప్ప ముట్టను! ఇడ్లీ కూడా చక్కెరే! అరటిపండు కూడా చక్కెరే!"

చప్పట్లు మోగాయి. సరిగ్గా అప్పుడు ఇడ్లీల వ్యాన్ వచ్చింది.

ఆదిశేషు గారు ఒక పళ్లెం అందుకోబోయారు. పక్కనే ఉన్న జగదీష్ గబుక్కున దానిని లాగేసుకున్నాడు. జగదీష్ ఆయనకు చాలాకాలపు మిత్రుడు, పదేళ్లు చిన్న, పొట్టలో మాత్రం పెద్ద.

"అయ్యో గురువుగారూ! ఇప్పుడే గదా చెప్పిన్రు! అమ్మా, సార్‌కి పెట్టకుండ్రి, ఉపవాసం. మనకు పాపం తగుల్తది." ఆ పళ్లెం జగదీష్ దగ్గరే ఉండిపోయింది.

ఇక దండయాత్ర బయలుదేరింది! గుర్రాల ఫారాల మీదుగా, రాళ్లగోడల పక్కగా, న్యూజెర్సీ పచ్చగా సాగింది. జగదీష్ సైకిల్ తొక్కుతున్నట్టు కనిపించేవాడు గాని కాళ్లు ఆగినా సైకిల్ ఆగేది కాదు. చక్రం మధ్యలో మోటారున్న సంగతి అతడూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. పరస్పర గౌరవమంటే అది.

గుట్ట ఎక్కుతుండగా ఆదిశేషు గారికి చెమట పట్టింది. ఎండకు పట్టే చెమట కాదు, చల్లటి చెమట. హ్యాండిల్ మీద వేళ్లు వణికాయి. ఎదుటి రోడ్డు, తాను ఎన్నడూ కట్టని వంతెన లాగా, అటూ ఇటూ ఊగింది. కడుపులో ఆకలి కేక పెట్టింది.

ఒంట్లో చక్కెర పడిపోతోందని ఆయనకు వెంటనే తెలిసింది. రెండు మాత్రలు లోపల పని చేస్తున్నాయి. పని చేయడానికి వాటికి లోపల ఏమీ లేదు. కావలసింది చక్కెర. చిటికెడు చక్కెర! జేబులో ఎప్పుడూ పెట్టుకునే నాలుగు చాక్లెట్లు పాత ప్యాంటులో ఉండిపోయాయి. ఈ వీరోచితమైన నిక్కరుకు జేబులు లేవు.

"ఏమైంది గురువుగారూ? గట్ల చెమటలు పడుతున్నయి?"

"హ్యుమిడిటీ," అన్నారు ఆదిశేషు గారు.

దొంగకు తేలు కుట్టిందంటే ఇదే. అరిస్తే దొరికిపోతాడు, అరవకపోతే విషమెక్కుతుంది. చక్కెర కావాలని అడగడమంటే తనకున్నదని ఒప్పుకోవడం. ఉపన్యాసాలు, స్లయిడ్లు, శాలువా, తల అడ్డంగా ఊపిన అన్ని విందులూ ఆ ఒక్క మాటతో పోతాయి. ఇంకొంచెం దూరంలో టెంటుంది. టెంటులో కాజాలున్నాయి. ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. తింటే చాలు! ప్రాణమూ దక్కుతుంది, ప్రతిష్ఠా దక్కుతుంది. ఆ ఆశ మీద ఆయన మిగిలిన గుట్ట ఎక్కారు.

టెంటు చేరి, సైకిల్‌ను ఎవరికో అప్పగించి, కుర్చీలో కూలబడ్డారు. రాధారాణి గారు ఎదురొచ్చి పళ్లెం పట్టారు. ఆయన ఒక లడ్డు, రెండు కాజాలు నమలకుండానే మింగారు.

"ఎలా ఉన్నాయి అన్నయ్యగారూ?"

"అద్భుతం."

"కనిపెట్టలేకపోయారు కదూ!" ఆవిడ ముఖం వెలిగిపోయింది. "షుగర్ రైడ్‌కి షుగర్ పెడతామా? మీ ఉపన్యాసం విన్నప్పుడే అనుకున్నాను. అన్నీ బాదం పిండి, స్టీవియా. ఒక్క చక్కెర పలుకు కూడా లేదు! ఆ నిమ్మరసం కూడా అంతే, తాగండి."

పాఠకులారా, ఒక్కసారి ఆలోచించండి! న్యూజెర్సీ రాష్ట్రం మొత్తం మీద ఆ మధ్యాహ్నం చక్కెర లేని తెలుగు మిఠాయిలు ఆ ఒక్క టెంటులోనే ఉన్నాయి. వాటిని అలా వండించిన ఉపన్యాసకుడు వాటి మధ్యనే కూర్చుని వణుకుతున్నాడు. ధర్మప్రచారం ఇంతగా ఫలించడం ఎవరి విషయంలోనైనా విన్నామా?

టెంటులో మెడికల్ వాలంటీరుగా వచ్చి ఉన్న మైత్రి ఆయనను చూసింది. చేతిలో పని వదిలేసి వచ్చి మోకాళ్ల మీద కూర్చుని ఆయన మణికట్టు పట్టుకుంది.

"అంకుల్, లుక్ ఎట్ మీ. మీకు డయాబెటిస్ ఉందా?"

టీమంతా చుట్టూ మూగింది. మనోహర్ ఉన్నాడు, జగదీష్ ఉన్నాడు, జామూన్లు దాచుకున్నవారందరూ ఉన్నారు.

"లేదమ్మా," అన్నారు ఆదిశేషు గారు. నాలుక తడబడింది.

"సార్‌కి షుగరేంటి మైత్రీ!" అన్నాడు మనోహర్. "ఆయనకి డిసిప్లిన్ ఎక్కువ!"

మైత్రి తండ్రి వైపు చూడలేదు. "అంకుల్, ప్లీజ్. నాకు చెప్పండి. ఇట్స్ ఓకే. నాకూ..." అని, తల్లి ముఖం చూసి ఆగిపోయింది.

ఆ ఆగిపోయిన మాట ఆదిశేషు గారికి వినబడింది. అంతటి మసకలోనూ వినబడింది. ఎదురుగా నారింజ చొక్కా ఒకటే స్పష్టంగా ఉంది, మిగిలినదంతా ఈదుతోంది. పాతికేళ్ల పిల్ల రంగు దాచుకోకుండా కూర్చుంటే, పెద్దలందరూ కలిసి దానికి వేరే అర్థం చెబుతున్నారు. ఆ పెద్దలకు ఉపన్యాసమిచ్చేది తానే!

"ఉంది," అన్నారు. "చాలా ఏళ్ల నుంచి ఉంది. ఇవాళ ఒక మాత్ర ఎక్కువేసుకున్నాను. మీ అమ్మ కాజాల కోసం."

"ఎక్స్‌ట్రా పిల్? సీరియస్లీ అంకుల్? అది చాలా డేంజర్!" ఆమె లేచి నడుముకున్న సంచి జిప్ మీద చేయి వేస్తూ అరిచింది. "షుగర్ కావాలి, రైట్ నౌ!"

ఆమె జిప్ తెరుచుకోకముందే ఆ అద్భుతం జరిగింది.

జగదీష్ సైకిల్ హ్యాండిల్ సంచిలోంచి గ్లూకోజ్ మాత్రల గొట్టం బయటికొచ్చింది. ముఖ్య అతిథి కోటు జేబులోంచి జ్యూసు డబ్బా వచ్చింది, స్ట్రాతో సహా. ఎవరి హెల్మెట్ లోపలి నుంచో చాక్లెట్లు రాలాయి. ఒకాయన వంగి, సాక్సులోంచి తాటిబెల్లం ముక్క తీశాడు! సాగరమథనంలో కూడా ఇన్ని తీపివస్తువులు ఒకేసారి పైకి వచ్చి ఉండవు. ఎటు చూసినా చాచిన చేతులే, ప్రతి చేతిలోనూ చక్కెరే.

అందరూ అందరి చేతులనూ చూసుకున్నారు. దొంగలందరికీ ఒకే ముహూర్తాన తేలు కుట్టింది.

"మా మనవడి కోసం పెట్టుకున్నా," అన్నాడు ఒకాయన. ఆయన మనవడు ఉండేది న్యూజెర్సీలో కాదు, కాలిఫోర్నియాలో.

"తొవ్వల గుర్రాలున్నయి గదా," అన్నాడు జగదీష్. "వాటికి పెడదామని."

అందరికంటే ముందు ఆదిశేషు గారి నోటికి అందినది మాత్రం మనోహర్ చేతిలోని గ్లూకోజ్ జెల్. రాధారాణి గారు భర్త చేతి వంక చూశారు. "మీ దగ్గర ఇదెందుకుందండీ?"

మనోహర్ అంత మెల్లగా మాట్లాడడం అదే మొదటిసారి కావచ్చు. "మైత్రి కోసం. అది సిక్స్త్ గ్రేడ్‌లో ఉన్నప్పటి నుంచీ పెట్టుకుంటున్నా. ఎప్పుడూ జేబులోనే ఉంటది."

ఆ మాట టెంటులో అందరికీ వినబడింది. రాధారాణి గారి పళ్లెం వంగి ఒక లడ్డు గడ్డిలో పడింది. ఎవరూ దానిని చూడలేదు.

"నాన్నా," అంది మైత్రి. "ఫైనల్లీ!" నవ్వుతూ అంది గాని, ముఖం అటు తిప్పుకుని ఆదిశేషు గారి వేలికి సూది గుచ్చి రక్తం చూసే పనిలో పడింది.

తిలా పాపం తలా పిడికెడు! జెల్ మొదలు తాటిబెల్లం దాకా అన్నీ పుచ్చుకుని ఆదిశేషు గారు కాసేపటికి తేరుకున్నారు. సైకిల్ తొక్కడానికి మైత్రి ఒప్పుకోలేదు. వ్యాన్ ఎక్కించి, తానూ పక్కనే కూర్చుని, ఆయనకు ఇడ్లీలు పెట్టించింది. మధ్యమధ్య వేలికి సూది గుచ్చి అంకెలు చూస్తూనే ఉంది. వ్యాన్ సగం దూరం వెళ్లాక, వెనక సీట్లో ఉన్న నారింజ చొక్కాల అట్టపెట్టె వంక చూసి ఆయన నెమ్మదిగా అడిగారు.

"ఆ పెట్టెలో నా సైజు ఉంటుందా అమ్మా?"

ఫినిష్ లైన్ దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్న మీనాక్షి గారికి, సైకిల్ మీద రావలసిన తెల్లచొక్కా మనిషి వ్యాన్‌లోంచి నారింజ చొక్కాతో దిగడం కనిపించింది. ఆవిడ గబగబా దగ్గరికొచ్చి, ఒళ్లు తడిమి, కళ్లలోకి చూసి, సంగతంతా అర్థం చేసుకున్నారు.

"అందరికీ తెలిసిందా?"

"తెలిసింది."

"అమ్మయ్య! ఇక ఆ చేపల సీసా పారేస్తాను," అన్నారు మీనాక్షి గారు.

సన్మానం మాత్రం ఆగలేదు. వ్యాఖ్యాత ముందే సిద్ధం చేసుకున్నది తడబడకుండా చదివాడు. "షుగర్ అన్న మాట ఒంటికి తెలియని మహామనిషి, శ్రీ ఆదిశేషు గారు!" మనోహర్ అలవాటు కొద్దీ శాలువా మడత విప్పాడు. హైదరాబాద్ నుంచి వచ్చిన ఆ ఎర్రంచు పట్టుశాలువా ఆదిశేషు గారి భుజాల మీద నుంచి మోకాళ్ల దాకా పరుచుకుంది. దాని కింద నారింజ రంగు పూర్తిగా మాయమైంది. ఫోటోగ్రాఫరు తృప్తిగా తల ఊపాడు.

మన పూర్వులు శాలువాను ఎందుకు కనిపెట్టారో ఇప్పుడైనా బోధపడిందా?

"అంకుల్," అంది స్టేజి కింది నుంచి మైత్రి. "నైంటీ డిగ్రీస్ ఉంది. హాట్‌గా లేదా?"

"ఉందమ్మా," అన్నారు ఆదిశేషు గారు.

అని, అనుచితమైన పని ఒకటి చేశారు. శాలువా తీసేశారు! ఫోటో ఇంకా పూర్తి కాకుండానే తీసేశారు! మడిచి, స్టేజి దిగి, మీనాక్షి గారి భుజాల మీద కప్పారు. "ఇన్నేళ్లు నా గుట్టు మోసింది ఈవిడ. బరువు ఈవిడది, సన్మానం నాకా?" అన్నారు. మీనాక్షి గారు సిగ్గుపడి, ఎండలో ఈ పట్టు ఏమిటని కసురుకున్నారు గాని, తీయలేదు.

ఇది చూసి, జగదీష్ జనంలోంచి మెల్లగా జారుకుని రిజిస్ట్రేషన్ బల్ల దగ్గరికి చేరాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"మైత్రీ, ఆ ఆరెంజ్ చొక్కాలల్ల డబుల్ ఎక్స్ఎల్ ఉన్నదా బిడ్డా? మా కజిన్ ఉన్నడు. ఆయనకు."

"మీ కజిన్‌కి వైట్ కూడా ఇవ్వనా అంకుల్?"

"వద్దు వద్దు. అది సరిపోదు ఆయనకు."

అతని వెనక మరో ఇద్దరు వచ్చి నిలబడ్డారు. వాళ్లకూ కజిన్లున్నారట.

అందువల్ల పాఠక మహాశయులారా, నా విన్నపం ఆలకించండి. సైకిళ్లు తొక్కండి, తొక్కించండి! పొరుగువారి గుండెకూ ఊపిరికీ చెవికీ మన కాళ్లే దిక్కు. అయితే శాలువాల విషయంలో మాత్రం జాగ్రత్త! కప్పిన శాలువాను ఎవరినీ తీయనివ్వకండి. ఈ పోకడ ఇలాగే సాగితే, రోగం తమకున్నదని రోగులే పైకి చెప్పుకునే దుర్దినం ఒకటి దాపురిస్తుంది. పక్కింటివాడి జేబులో ఏముందో మనకు, మన జేబులో ఏముందో పక్కింటివాడికి తెలిసిపోతుంది. గుట్ట మీద ఎవరికి చేతులు వణికినా చుట్టుపక్కలవాళ్లు అడగకుండానే చక్కెర అందిస్తారు.

అప్పుడిక యాత్రలెందుకు? సైకిళ్లెందుకు? మీరే చెప్పండి!